పంటి పాచిలో ఎంతమంది ఉన్నారు?

పళ్ల సందులోంచి పుల్లతో కాస్త పాచి గీకి, ఒక నీటి చుక్కలో కలిపి, స్లైడు మీద వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. మొదటిసారి చూసేవాళ్లకి చాలావరకు ఏమీ కనపడదు. పాచి నిండా ఉండే బ్యాక్టీరియాకి రంగు ఉండదు, దాదాపు నీళ్లలాగే వెలుగుని తమలోంచి పోనిచ్చేస్తాయి. కింది నుంచి వచ్చే వెలుగుని బాగా తగ్గించి, ఫోకస్ మెల్లగా తిప్పుతూ ఓపిగ్గా చూస్తే అప్పుడు చిన్న చిన్న నలుసులు వణుకుతూ కనిపిస్తాయి. "అదిగో, ప్రాణం ఉంది!" అని అరవకండి. నేను అలాగే అరిచి, ఓ అరగంట సేపు ఉత్త దుమ్ముని చూసి మురిసిపోయాను. నీటి అణువులు గుద్దుకోవడం వల్ల అంత చిన్న వస్తువు ఏదైనా వణుకుతుంది, దానికి ప్రాణం అక్కర్లేదు. నిజంగా ఈదేది వేరుగా తెలుస్తుంది, పక్కవాటిని పట్టించుకోకుండా ఒక దిక్కుగా దూసుకుపోతుంది, ఆగి గిరికీ కొట్టి ఇంకో దిక్కుకి పోతుంది.

ఈ పని మొదట చేసినవాడు శాస్త్రవేత్తగా చదువుకున్నవాడేం కాదు. హాలండ్‌లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తనే అరగదీసుకున్న ఒకే ఒక్క చిన్న లెన్సుతో చూసి, 1676లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఈ జీవుల గురించి రాశాడు. 1683లో తన పళ్ల పాచినే చూసి బొమ్మలు కూడా పంపాడు. వాటిలో ఒకటి ఎలా ఈదుతూ పోయిందో చుక్కల గీతతో గుర్తు పెట్టాడు! ఆ బొమ్మల్లోని కడ్డీలూ మెలికలూ ఇవాళ మనం చూసినా గుర్తుపట్టేటట్టే ఉంటాయి.

పుస్తకాల్లో బ్యాక్టీరియా ఆకారాలు మూడు అని రాస్తారు, గుండ్రం, కడ్డీ, మెలిక అని. అది తప్పు కాదు గానీ, అంతటితో ఆపేస్తే అసలు సరదా పోతుంది. గుండ్రటివాటినే తీసుకోండి. ఒకటి రెండుగా చీలాక విడిపోకుండా అతుక్కుని, మళ్లీ అదే దిక్కులో చీలుతూ పోతే పూసల దండ తయారవుతుంది, అది స్ట్రెప్టోకాకస్. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఎటుపడితే అటు చీలితే ద్రాక్షగుత్తి, అది స్టెఫిలోకాకస్. మూడు దిక్కుల్లో వరస తప్పకుండా చీలితే ఎనిమిదేసి గుండ్లు పేర్చిన పొట్లం. అంటే మనకి కనిపించే ఆ అమరిక, అవి ఎలా పెరిగాయో చెప్పే గుర్తు. పాచిలో ఇంకో వింత ఉంటుంది, పొడుగాటి దారంలాంటి బ్యాక్టీరియా చుట్టూ గుండ్రటివి అంటుకుని అచ్చం మొక్కజొన్న పొత్తులా ఉంటాయి. వాటి మధ్యలోంచి స్ప్రింగుల్లాంటి స్పైరోకీట్లు మెలికలు తిరుగుతూ పోతుంటాయి. మిగతా ఈతగాళ్లకి తోక బయట ఉంటే, వీటికి తోకలు పైపొర లోపలే చుట్టుకుని ఉంటాయి, అవి తిరిగితే ఒళ్లంతా తిరుగుతుంది.

ఆకారాన్ని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న గట్టి గోడ. మన కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఆ గోడని కోసేస్తుంది. పగిలిపోకుండా చక్కెర ద్రావణంలో ఉంచి గోడ తీసేస్తే కడ్డీ కాస్తా బంతి అయిపోతుంది. మైకోప్లాస్మాలనే బ్యాక్టీరియాకి అసలు గోడే లేదు, కాబట్టి వాటికి స్థిరమైన ఆకారమూ లేదు, గోడ కట్టడాన్ని చెడగొట్టే పెన్సిలిన్‌తో వాటికి బెంగా లేదు. 1884లో డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగుల పద్ధతి పనిచేసేది కూడా ఈ గోడ వల్లే. ఊదా రంగు పట్టించి ఆల్కహాల్‌తో కడిగితే, గోడ మందంగా ఉన్నవి రంగు వదలవు, పల్చటివి వదిలేసి తర్వాత వేసిన గులాబీ రంగు పట్టుకుంటాయి. క్షయ బ్యాక్టీరియాకి మాత్రం గోడలో మైనం లాంటి కొవ్వు ఉండడంతో ఈ రంగు సరిగా ఎక్కదు, దానికి వేరే పద్ధతి వాడాలి.

సైజు సంగతికొస్తే, మన పేగుల్లో ఉండే ఈ. కోలై పొడుగు సుమారు 2 మైక్రాన్లు, అంటే 500 వరసగా పెడితే ఒక మిల్లీమీటరు. మరోవైపు కరీబియన్ దీవి గ్వాడలూప్ మడ అడవుల్లో దొరికిన థియోమార్గరిటా మాగ్నిఫికా ఒక్క కణమే దాదాపు సెంటీమీటరు పొడవు! 2022లో దాని వివరాలు ప్రచురించారు. మైక్రోస్కోప్ అక్కర్లేదు, తెల్లటి దారప్పోగులా కంటికే కనపడుతుంది. మొదట దొరికినప్పుడు బ్యాక్టీరియా అని ఎవరూ అనుకోలేదంటే ఆశ్చర్యం లేదు.

ఇంత చూశాక మైక్రోస్కోప్ ఒక్కటి ఉంటే చాలనిపిస్తుంది. నా ఉద్దేశంలో అది మనల్ని దారుణంగా మోసం చేసేది కూడా ఇక్కడే. పేగుల్లో ఊరికే బతికే ఈ. కోలై, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా, రెండూ గులాబీ రంగు కడ్డీలే, చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు. ఇంకా పెద్ద మోసం 1977లో బయటపడింది. మీథేన్ వాయువు తయారుచేసే కొన్ని జీవుల్ని అప్పటిదాకా బ్యాక్టీరియా అనే అనుకున్నారు, చూడ్డానికి అలాగే ఉంటాయి మరి. అమెరికా శాస్త్రవేత్తలు కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ వాటి ఆర్‌ఎన్‌ఏని (డీఎన్‌ఏకి దగ్గరి చుట్టం లాంటి పదార్థం) పోల్చి చూస్తే అసలు వేరే శాఖే అని తేలింది, వాటినే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. చూపులకి కవలల్లా ఉన్న బ్యాక్టీరియాకీ ఆర్కియాకీ మధ్య ఉన్న దూరంతో పోలిస్తే మనకీ పుట్టగొడుగుకీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది.

అందుకే ల్యాబ్‌లో పెంచి చూస్తారు, డీఎన్‌ఏ చదువుతారు. పెంచడమూ అంత తేలికేం కాదు, నోట్లో ఉండే స్పైరోకీట్లలో చాలా రకాలు ఇప్పటిదాకా ఏ ల్యాబ్ గిన్నెలోనూ పెరగలేదు, వాటి డీఎన్‌ఏ ముక్కల్ని బట్టే అవి ఉన్నాయని తెలుసు. ఇందాక స్లైడు మీద మెలికలు తిరుగుతూ అద్దం అంచు దాటిపోయిందే, దానికి ఇంకా పేరు పెట్టి ఉండకపోవచ్చు.