కంచంలో అన్నం తీసేస్తే ఏం మిగిలింది?

ఇంటర్ చదివే ఆడపిల్లలు రాత్రి అన్నం మానేస్తున్నారన్న మాట నల్లగొండ, మహబూబ్‌నగర్ హాస్టళ్లలో మళ్లీ వినిపిస్తోంది. తల్లిదండ్రులు ఫోన్‌ను తిడుతున్నారు. రీల్స్ గురించి ఇప్పటికే అందరూ మాట్లాడారు. ఫోన్లు రాకముందే మన కంచం మారిపోయిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

ఈ మెట్ట పొలాల్లో ఒకప్పుడు జొన్నదే రాజ్యం. పూటకు రెండు రొట్టెలు, పప్పో, తొక్కో, పుంటికూరో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదింటి ఆకలి తీర్చింది, అది కాదనలేం. తర్వాత బోర్ల కింద వరి పెరిగింది. జొన్నరొట్టె చాలా ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్ల తిండైపోయింది. ఇప్పుడు కంచంలో ముప్పావు వంతు అన్నమే. మన పిల్లలకు డైటింగ్ అంటే ఆ అన్నం మానడం. మానితే మిగిలేది గరిటెడు పప్పు, కాస్త తొక్కు.

మరి మానాలని వాళ్లకు ఎందుకనిపించింది? పిల్లలను అడిగితే ముందు ఇంటి మాటలే చెబుతారు. పెద్దమనిషైన పిల్లకు నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి దంచి ఉండలు చేసి 'తిను బిడ్డా, బలం రావాలె' అని పెడతారు. ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ ఇంటికొచ్చేసరికి మాట మారుతుంది. మేనత్త ఫొటో చూసి 'ఒళ్లు చేసింది' అంటుంది. 'గిట్ల లావైతే సంబంధాలెట్ల వస్తయి' అంటుంది నానమ్మ. అదే పూట అన్నకు ఇంకో గుడ్డు వేస్తారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 65 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 60 దగ్గర ఉండేది. అప్పటికే రక్తం తక్కువున్న పిల్ల పూట మానేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది. టిఫిన్ మానేసిన పిల్ల ఆ మాత్రనూ పారేస్తుంది.

మెనూలో గుడ్డు, చికెన్ ఉన్నాయని వార్డెన్లు అంటున్నారు. 2024 చివర్లో ప్రభుత్వ హాస్టళ్లలో ఇంటర్ పిల్లల డైట్ చార్జీలు నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెరిగిన మాటా నిజమే. కానీ దసరా సెలవులకు చిక్కి వచ్చిన పిల్లను 'ఇప్పుడు మంచిగున్నవ్' అని మెచ్చుకున్న ఇంటివాళ్లే, రక్తపరీక్ష రిపోర్ట్ చూశాక హాస్టల్‌కు వచ్చి తిండి సరిగా పెట్టడం లేదని గొడవ పడుతున్నారు.