బిర్యానీ డబ్బా మూత మీద ఆల్కహాల్ ఇంక్ సైన్స్

ఆల్కహాల్ ఇంక్ (ఐసోప్రొపైల్ లాంటి ఆల్కహాల్‌లో రంగు కలిపిన ఇంక్) వీడియోలు చూసే ఉంటారు, తెల్లటి షీట్ మీద చుక్క పడగానే రంగు అలా విచ్చుకుంటూ పోతుంది, పక్కన ఇంకో చుక్క వేస్తే మొదటిది జరిగి చోటిస్తుంది. చూస్తే అంతా ఆర్టిస్ట్ చెయ్యి మహిమ అనుకుంటాం గానీ సగం బొమ్మ ఆరేటప్పుడు దానంతటదే పడుతుంది.

ఆ షీట్ పేరుకే పేపర్. ఎక్కువమంది వాడే యూపో జపాన్ సరుకు, అందులో ఉండేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, మన బియ్యం బస్తాలు, చాలా పార్సిల్ డబ్బాలు చేసేదీ దాంతోనే. మామూలు కాగితమైతే పీచు సందుల్లోకి ఇంక్ పీల్చేసుకుంటుంది, ఇక కదలదు. ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయే దారి లేదు కాబట్టి రంగు పైపైనే తిరుగుతుంది.

నీళ్ళు కూడా ఇంకవు కదా, మరి అవెందుకు ఇలా పరుచుకోవు అంటే, స్కూల్లో బట్టీ పట్టిన తలతన్యత గుర్తుందా, అదే. నీళ్ళది మీటరుకి సుమారు 72 మిల్లీన్యూటన్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది 21 చిల్లర. నీళ్ళు తమలో తాము గట్టిగా లాక్కుని ప్లాస్టిక్ మీద బొట్టులా ముడుచుకుంటాయి, ఆల్కహాల్‌కి అంత పట్టు లేదు, పరుచుకుంటుంది.

ఇంకా మజా ఏంటంటే, ఒకే తడిలో ఒకచోట తలతన్యత ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఎక్కువ ఉన్న వైపు ద్రవాన్ని లాగేసుకుంటుంది. పళ్ళెంలో నీళ్ళ మీద పసుపు చల్లి మధ్యలో సబ్బు చుక్క వేయండి, సబ్బు పడ్డచోట తలతన్యత తగ్గి పసుపంతా అంచులకి పరిగెడుతుంది. తడి ఇంక్ మధ్యలో ఉత్త ఆల్కహాల్ చుక్క పడితే రంగు తప్పుకుని తెల్ల వలయం వచ్చేదీ ఇలాంటి లాగుడు వల్లే. దీన్ని 1855లో జేమ్స్ థామ్సన్ (లార్డ్ కెల్విన్ వాళ్ళ అన్న) వైన్ గ్లాసు గోడల మీద జారే చుక్కల్లో గమనించి వివరించాడు, పేరు మాత్రం తర్వాత పదేళ్ళకి దానిమీద థీసిస్ రాసిన ఇటలీ ఆయన మారంగోనీకి పోయింది, పాపం.

అంచుల్లో ముదురు గీత ఎందుకంటారా, కాఫీ మరక చూడండి. చుక్క అంచు దగ్గరే త్వరగా ఆరుతుంది, ఆ లోటు పూడ్చడానికి లోపలి ద్రవం అంచుకి పారుతూ రంగుని మోసుకెళ్ళి అక్కడ దింపేస్తుంది. షికాగో యూనివర్సిటీ వాళ్ళు 1997లో తేల్చారిది.

ఆరాక కూడా నమ్మకం లేదు, మళ్ళీ ఆల్కహాల్ తగిలితే ఆ రంగు కరిగిపోతుంది. నేనొకసారి మెరుపు కోసం బ్రష్‌తో వార్నిష్ పూసి నా బొమ్మని బురద చేసుకున్నా, స్ప్రే అయితే పల్చటి పొరలుగా కొట్టొచ్చు. ఇవి ఎక్కువగా డై రంగులు, ఎండ తగిలే గోడకి పెడితే వెలిసిపోతాయి. కిటికీ తెరిచి పెట్టుకుని బొమ్మ వేయండి, పక్కన దీపం, అగరొత్తి అసలొద్దు, ఐసోప్రొపైల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన ఇళ్ళల్లో చలికాలంలో కూడా అంతకన్నా వేడే.

ఇంక్ ఖరీదెక్కువ అనిపిస్తే కడిగిన బిర్యానీ డబ్బా మూత తీసుకోండి, పర్మనెంట్ మార్కర్‌తో గీసి, నీళ్ళలా ఉండే శానిటైజర్ రెండు చుక్కలేసి, ఆరేదాకా కదపకుండా చూస్తూ ఉండండి.