మసినగుడి: 2010 ఆగస్టులో గీసిన గీత

ఎండాకాలం దగ్గర పడగానే ఊటీ ఈ-పాస్ గొడవ మళ్ళీ రాజుకుంది. హైదరాబాద్ నుంచి కార్లో బయల్దేరే ప్రతి వాట్సాప్ గ్రూపులో ఇదే రచ్చ, పాస్ దొరకట్లేదని ఒకరు, కక్కనల్లా చెక్‌పోస్ట్ దగ్గర వెనక్కి పంపేస్తున్నారంట అని ఇంకొకరు, టూరిజం మీద బతికే ఊళ్ళో టూరిస్టుల్ని ఆపడమేంటని మరొకరు. పైగా మలయాళం రీల్స్ పుణ్యమా అని 2023 చివర్నుంచి "మసినగుడి మీదుగా ఊటీ" అనేది మనవాళ్ళ నోట్లో కూడా నానుతోంది కదా, ఊటీ కంటే ఆ చిన్న ఊరి పేరే ఎక్కువ వినిపిస్తోంది. అసలు గొడవ ఉన్నది కూడా అక్కడే.

ఈ-పాస్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకీ కొడైకెనాల్‌కీ బయటి బండ్లకి పాస్ తప్పనిసరి అయింది, మొదట్లో అది ఎన్ని బండ్లు వస్తున్నాయో లెక్క తేల్చడానికే. 2025 ఏప్రిల్ 1 నుంచి లిమిట్ వచ్చింది, నీలగిరికి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000. వెంటనే అక్కడి వ్యాపారులు షాపులు మూసి బంద్ చేశారు. బ్రిటిష్‌వాళ్ళు, టీ తోటలు, టాయ్ ట్రైన్, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి నేను పోను. బండ్ల లెక్క దాకా పరిస్థితి ఎందుకొచ్చింది అన్నది అర్థం కావాలంటే 2010 ఆగస్టు 31న తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన ఒక జీవో దగ్గర ఆగాలి, నా ఉద్దేశంలో ఇవాళ్టి గొడవలన్నిటికీ మూలం అదే.

దానికి ముందు ఒకసారి మ్యాప్ చూడండి. దక్షిణాన ఒక్కసారిగా లేచే నీలగిరి కొండలు, ఉత్తరాన మోయార్ నది లోతుగా కోసుకుపోయిన లోయ, ఆ రెంటి మధ్య సన్నగా ఇరుక్కున్న సిగూర్ పీఠభూమి, దాని మీదే మసినగుడి. పడమర వైపు ముదుమలై, బందీపూర్, వయనాడ్, నాగర్‌హొళె అడవులు, తూర్పు వైపు సత్యమంగళం అడవులు. ఈ మొత్తం ప్రాంతంలో దాదాపు 6,000 ఏనుగులు ఉంటాయని అంచనా, వానల్ని బట్టి, గడ్డిని బట్టి, నీళ్ళని బట్టి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంటాయి. కొండ ఎక్కలేవు, లోయ దాటలేవు. రెండు పెద్ద హాళ్ళ మధ్య ఒకే ఒక్క దర్వాజా ఉంటే ఎట్లా ఉంటుందో ఈ పీఠభూమి వాటికి అట్లా. ఆ దర్వాజాలోనే ఊరుంది, డ్యామ్ ఉంది, రిసార్టులు ఉన్నాయి.

ఊరు పెరగడానికి మొదటి కారణం టూరిజం కాదు, కరెంటు. పైకారా ప్రాజెక్టు 1932లో మొదలైంది, సింగారా పవర్‌హౌస్ నుంచి దిగిన నీళ్ళు మసినగుడి పక్కనే మరవకండి డ్యామ్‌లో పడి, అక్కణ్ణుంచి కాలువలో మోయార్ పవర్‌హౌస్‌కి పోతాయి. ఆ కాలువని ఏనుగులు ఎక్కడపడితే అక్కడ దాటలేవు. అంటే దారికి మొదట అడ్డం కట్టింది రిసార్టు ఓనర్లు కాదు, ప్రభుత్వమే, ఇది మర్చిపోతే అన్యాయం. ఆ పనులకి వచ్చిన కూలీలు చాలామంది అక్కడే ఉండిపోయారు. ఇరుళర్లు, కురుంబలు అనే గిరిజనులు అంతకు ముందు నుంచీ ఉన్నవాళ్ళు, బడగలు, పశువులు మేపుకునేవాళ్ళు, అందరూ కలిసి ఒక ఊరు అయింది. పట్టా భూములు చేతులు మారి, బొక్కాపురం, మావనల్లా, వాళైతోట్టం వైపు కాటేజీలు లేవడం తర్వాతి సంగతి.

ఇంక అసలు విషయం. ముదుమలై 1940 నుంచీ శాంక్చురీ, 1990లో కొంత భాగం నేషనల్ పార్క్ అయింది, అప్పుడెవరూ పెద్దగా రోడ్డెక్కలేదు. 2007 డిసెంబర్ చివర్లో దాన్ని క్రిటికల్ టైగర్ హ్యాబిటాట్, అంటే పులుల కోసం కాపాడాల్సిన కీలక అడవి, అని ప్రకటించారు చూడండి, అప్పుడు వచ్చింది కోపం. ఆ తేదీ గమనించాలి. అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్ళకి హక్కులిచ్చే అటవీ హక్కుల చట్టం 2007 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చింది. మా హక్కులు రాకముందే హడావుడిగా ముగించేశారు అని ఊళ్ళో అనుకున్నారు, అనుకోవడంలో తప్పేముంది? ర్యాలీలు, బంద్‌లు జరిగాయి. అటవీశాఖ ఏ కాగితం పట్టుకొచ్చినా అది మమ్మల్ని లేపడానికే అన్న అనుమానం అప్పుడే గట్టిపడింది.

ఆ అనుమానం చల్లారకముందే ఏనుగుల కారిడార్ కేసు వచ్చింది. దేశం మొత్తం మీద 88 ఏనుగు దారులున్నాయని వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 2005లో లెక్క తేల్చింది, అందులో సిగూర్ దారులు కూడా ఉన్నాయి. వాటిల్లో కట్టడాలు లేస్తున్నాయి, కరెంటు కంచెలు వేస్తున్నారు అని మద్రాస్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు పడ్డాయి, కోర్టు నిపుణుల కమిటీ వేయించింది, ఆ కమిటీ రిపోర్టు ఆధారంగా 2010 ఆగస్టు 31న ప్రభుత్వం కారిడార్‌ని నోటిఫై చేసింది. అంటే మ్యాప్ మీద గీత గీసింది, ఈ గీత లోపలున్నది ఏనుగుల దారి అని.

ఆ గీత శాస్త్రం ప్రకారం సరైనదే అని నేను నమ్ముతున్నా. ఏనుగుకి సన్నటి పైపు లాంటి దారి ఇస్తే సరిపోదు, గుంపుగా పోతాయి, పిల్లలుంటాయి, దారి పొడుగునా మేత ఉండాలి, ఒకచోట మనుషులు ఎదురైతే పక్కకి తిరిగేంత వెడల్పుండాలి. ముందు లెక్కలో ఉన్న దారులు కొన్నే, అవీ చిన్నవి, మ్యాపులో కలిపి గీసింది చాలా పెద్దది అని రిసార్టులవాళ్ళు వాదించారు. సిగూర్‌లోని ఆ నాలుగు చిన్న దారుల్ని కలిపి ఒకటిగా చూడమన్నదే నిపుణుల మాట అని అవతలివాళ్ళు చెప్పారు, ఆ జంతువు నడిచే తీరు తెలిసినవాళ్ళకి రెండో మాటే నిజమనిపిస్తుంది.

కానీ ఆ గీత లోపల ఎవరెవరు ఉన్నారో విడదీయలేదు. నలభై గదుల రిసార్టూ అందులోనే, రాగులు వేసుకునే మూడెకరాల రైతూ అందులోనే, తాతల నాటి నుంచి ఉన్న ఇరుళర్ గుడిసె కూడా అందులోనే. అభ్యంతరాలు అడిగామని ప్రభుత్వం అంది, చెప్పినా ఎవరూ వినలేదని ఊరివాళ్ళు అన్నారు. 2011 ఏప్రిల్ 7న హైకోర్టు తీర్పులో రిసార్టు ఓనర్లు, మిగతా ప్రైవేటు భూముల ఓనర్లు అందరూ మూడు నెలల్లో ఖాళీ చేసి కలెక్టర్‌కి అప్పజెప్పాలి అని వచ్చేసరికి, రిసార్టు ఓనరూ చిన్న రైతూ ఒక పక్కకి చేరిపోయారు. ఈ కలయికే ఆ ఊరికి పట్టిన శని. పెద్ద లాయర్లని పెట్టుకోగలిగినవాళ్ళు ముందు నిలబడ్డారు, వాళ్ళ వెనక చిన్నవాళ్ళు, పైకి చూస్తే ఊరు మొత్తం అడవికి వ్యతిరేకం అన్నట్టు కనిపించింది.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళి తొమ్మిదేళ్ళు నడిచింది. 2018 ఆగస్టులో పర్మిషన్లు లేని 27 రిసార్టుల్ని 48 గంటల్లో మూసేయమన్నారు, జిల్లా యంత్రాంగం సీళ్ళు వేసింది. 2020 అక్టోబర్ 14న ఫైనల్ తీర్పు, రిసార్టులవాళ్ళ సంఘం హాస్పిటాలిటీ అసోసియేషన్ ఆఫ్ ముదుమలై వేసిన అప్పీలు మీద చీఫ్ జస్టిస్ బాబ్డే బెంచ్ హైకోర్టు మాటనే నిలబెట్టింది. ప్రభుత్వానికి కారిడార్ ప్రకటించే అధికారం ఉంది, నష్టం జరగకముందే ఆపాలన్న ముందుజాగ్రత్త సూత్రం వర్తిస్తుంది అని తేల్చి, ఒక్కొక్కరి అభ్యంతరం విడివిడిగా వినడానికి రిటైర్డ్ హైకోర్టు జడ్జి కె. వెంకట్రామన్ నాయకత్వంలో కమిటీ వేసింది. విడివిడిగా వినడం అనే ఆ పని 2010లోనే గట్టిగా జరిగి ఉంటే చిన్నవాళ్ళు ఎప్పుడో బయటపడేవాళ్ళు, పదేళ్ళు ఆలస్యమైంది.

ఆ పదేళ్ళలో ఊరు ఏమైందో రెండు ఏనుగుల కథ చూస్తే తెలుస్తుంది. రివాల్డో అని ఒక మగ ఏనుగు, తొండం కొస తెగి ఉండేది, వాళైతోట్టం చుట్టూ తిరిగేది, మనుషులు పండ్లు పెట్టి పెట్టి దానికి భయం పోగొట్టారు. 2021 మేలో పట్టుకుని క్రాల్‌లో, అంటే దుంగలతో కట్టిన దొడ్డిలో, పెట్టారు, ఆగస్టులో దూరంగా అడవిలో వదిలారు, అది తిరిగి నడుచుకుంటూ పాత చోటికే వచ్చేసింది. అదే ఏడాది జనవరిలో, మసినగుడిలో ఒక బస దగ్గరికి వచ్చిన ఇంకో ఏనుగు మీదకి నిప్పు అంటించిన దాన్ని విసిరారు, చెవి కాలిపోయి, తెప్పకాడు ఏనుగుల క్యాంపుకి తీసుకెళ్ళేలోపే 19వ తారీఖున చచ్చిపోయింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, నేను చివరిదాకా చూడలేకపోయా. ఆ బసకి లైసెన్స్ లేదు. పెద్ద రిసార్టులు సీల్ అయినా గదులు అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు, లైసెన్స్ లేని ఇళ్ళల్లో, రోడ్డుకి లోపల, ఇంకా అడవికి దగ్గరగా బసలు నడిచాయి. గిరాకీ మన దగ్గర్నుంచే పోతోంది.

రోడ్డు సంగతీ ఇంతే. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ బెండ్లు. 2018 అక్టోబర్‌లో కారు లోయలో పడి ఐదుగురు పోయాక బయటి బండ్లని ఆపారు, తర్వాత పైకి ఎక్కడానికి వదిలారు, దిగడానికి మాత్రం వదల్లేదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బందీపూర్ అడవి రోడ్లు 2009 నుంచీ మూస్తున్నారు. ఇది మనకి కొత్తేం కాదు, శ్రీశైలం పోయేవాళ్ళకి మన్ననూరు గేటు రాత్రి 9కి పడుతుందని తెలుసు, ఆ టైంకి తగ్గట్టే ఇంట్లోంచి బయల్దేరతాం, శివుడి దగ్గరికి పోతూ ఆ రూల్ మీద ఎవరూ కోర్టుకెళ్ళలేదు. ఊటీ అనేసరికి మాత్రం మన హక్కేదో లాగేసుకున్నట్టు మాట్లాడుతున్నాం.

ఇప్పుడు రగులుతున్న దాంట్లో రెండు వేర్వేరు గొడవలు కలిసిపోయాయి. ఊటీ టౌన్ హోటళ్ళవాళ్ళది వ్యాపారం పడిపోతుందన్న బాధ, అది నిజమే, అయినా అది సీజన్ లెక్క. మసినగుడివాళ్ళది వేరే. జీప్ నడుపుకునేవాళ్ళు, టీ కొట్టువాళ్ళు, హోమ్‌స్టేలో వంట చేసే ఆడవాళ్ళు, వీళ్ళ పిల్లలకి అక్కడ ఇంకో పని లేదు, పశువులు తగ్గాయి, పొలంలో పంట వేస్తే ఏనుగులు, అడవి పందులు మిగల్చవు. వీళ్ళకి ఈ-పాస్ అంటే 2007 డిసెంబర్, 2010 ఆగస్టు, 2011 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇంకో కాగితం. వెంకట్రామన్ కమిటీ వరసగా కట్టడాలు అక్రమమని తేలుస్తుంటే పెద్ద ఓనర్లు మళ్ళీ కోర్టుల చుట్టూ తిరగగలరు, తిరుగుతున్నారు కూడా. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలు ఏ భూమి ఎవరిదో తేల్చే పని ముందు పూర్తి చేయండి, ఆ తర్వాత దారి ఖాళీ చేయించండి అని గిరిజన సంఘాలు ఎప్పట్నుంచో అడుగుతున్నాయి. ఈ సీజన్ గొడవలో ఆ మాట ఎత్తుతున్నవాళ్ళు చాలా తక్కువ, బండ్ల నంబర్ 6,000 ఉండాలా 10,000 ఉండాలా అన్నదాని మీదే కొట్టుకుంటున్నారు.

ఈ వేసవికి మసినగుడిలో గది బుక్ చేసేవాళ్ళు కనీసం ఒక పని చేయండి. ఫోన్లో రేటు అడిగే ముందు, జిల్లా యంత్రాంగం ఇచ్చిన లైసెన్స్ కాపీ పంపమని అడగండి. నైట్ సఫారీ ఉంది సార్, ఏనుగులు గది దగ్గరికే వస్తాయి సార్ అని ఆశపెడితే అక్కడితో కట్ చేయండి.