మూడున్నర రూపాయల వడ్డీ: పిల్లల డబ్బు చదువులో అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారాలు డబ్బు పాఠాలు చెబుతాను. పది గంటలకి హైస్కూలు పిల్లలు వస్తారు, పదకొండున్నరకి చుట్టుపక్కల పీజీల్లో ఉండే కొత్త ఉద్యోగులు. ఎక్కువమంది అనంతపురం, కడప, నెల్లూరు వైపు వాళ్లే. తల్లిదండ్రులు అడిగేవీ పిల్లలు నమ్మేవీ ఏళ్ల తరబడి వింటున్నాను. వాటిలో కొన్ని తప్పని గట్టిగా చెప్పాల్సిందే.

అపోహ: పిల్లల ముందు డబ్బు మాటలు ఎత్తకూడదు, చేతికి డబ్బిస్తే చెడిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఇంట్లో అప్పు మాట రాగానే "లోపలికెళ్లి చదువుకో పో" అంటాం. అలా పెరిగిన పిల్లాడికి ఇరవై రెండేళ్లొచ్చినా ఇంటి ఖర్చు ఎంతో తెలియదు. ఒకరోజు హఠాత్తుగా ఖాతాలో జీతం పడుతుంది. ఆ వారంలోనే కార్డు ఇస్తాం, లోన్ ఇస్తామని ఫోన్లు మొదలవుతాయి. వాడికి అప్పటిదాకా వంద రూపాయలు పోగొట్టుకున్న అనుభవం కూడా ఉండదు.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2014లోనే చెప్పింది. ఎంత మొత్తం వరకు అన్నది ఖాతా ఉన్న బ్యాంకు నిర్ణయిస్తుంది. అందులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు కాబట్టి ఉన్నదానికి మించి ఖర్చయ్యే భయం లేదు.

మా క్లాసులో ఏడో తరగతి బాబు ఒకడున్నాడు. వారానికి 200 ఇవ్వండి, మధ్యలో ఎంత అడిగినా ఇవ్వకండి అని వాళ్లమ్మకి చెప్పాను. మొదటి వారం మంగళవారానికే అయిపోయాయి. శుక్రవారం స్నేహితులంతా పానీపూరీ తింటుంటే వాడు పక్కన నిలబడ్డాడట. "పాపం, ఓ యాభై ఇచ్చెయ్యనా మేడమ్?" అని ఆవిడ ఫోన్ చేసింది. వద్దమ్మా అన్నాను. చెప్పడానికి నాకూ కష్టంగానే అనిపించింది. నాలుగో ఆదివారం వాడు నోటుబుక్కు తెచ్చి చూపించాడు. చివర "మిగులు 35" అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాడు. ఆ గీతలు నేను నేర్పినవి కావు.

అపోహ: మినిమం డ్యూ (నెల బిల్లులో కనీసం ఇంతైనా కట్టమని అడిగే మొత్తం) కడుతూ పోతే క్రెడిట్ కార్డుతో ఇబ్బంది లేదు.

బెళ్లందూరు పీజీ నుంచి వచ్చే ఒకమ్మాయి కార్డు మీద 50,000 బాకీ ఉంది. "ఒక్క నెల కూడా లేటవ్వలేదక్కా" అని ఫోన్ చూపించింది. నెలకి 3.5 శాతం వడ్డీ అని స్టేట్‌మెంట్లో ఉంది. చదివింది కానీ ముఖంలో ఏ మార్పూ లేదు.

"మీ ఊళ్లో అప్పు ఎంతకి పుడుతుంది?" అని అడిగాను.

"రెండు రూపాయలక్కా. మూడంటే మా నాన్న ఆ గడప తొక్కడు."

"నువ్వు మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చావమ్మా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం బోర్డు మీద లెక్క వేశాం. ఆ నెల కట్టిన మినిమం 2,500. స్థూలంగా చూస్తే అందులో వడ్డీకి 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. అసలులో తగ్గింది 435 రూపాయలు. పైగా బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

అప్పటినుంచి నేను శాతాల్లో చెప్పడం మానేశాను. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం అని మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఇళ్లలో వింటూ పెరిగారు. ఆ లెక్కలో బ్యాంకు డిపాజిట్ దాదాపు అర్ధ రూపాయి వడ్డీ, కార్డు మూడు, మూడున్నర. అర్ధ రూపాయికి దాచుకుంటూ మూడున్నరకి అప్పు ఉంచుకోవడం ఎంత నష్టమో ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. లోన్ యాప్‌లకీ ఇదే కొలత. అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అప్పు వివరాల పత్రంలో, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూపించాలని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధన పెట్టింది. దాన్ని పన్నెండుతో భాగిస్తే ఎన్ని రూపాయల వడ్డీయో వస్తుంది.

ఆ అమ్మాయి ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన ఆ అమ్మాయి వాళ్లమ్మ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి, రూపాయి లోపు వడ్డీకి డబ్బు తెచ్చి కార్డు మొత్తం తీర్చేశాడు. ఇప్పుడు నెలనెలా నాన్నకి పంపిస్తోంది.

అపోహ: షేర్ మార్కెట్ అంటే జూదం. దీనికి జంటగా ఇంకోటి: ఆప్షన్స్‌లో రోజుకి రెండు వేలు సంపాదించొచ్చు.

పెద్దవాళ్లు మొదటిది అంటారు, కుర్రాళ్లు రెండోది. రెండోది నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అంటే షేర్ల ధర ముందుముందు పెరుగుతుందా తగ్గుతుందా అన్న అంచనా మీద చేసే ఒప్పందాలు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. తలా సగటున సుమారు 2 లక్షలు, అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్లకు పైగా. ముప్పై ఏళ్ల లోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలోనే 31 నుంచి 43 శాతానికి పెరిగింది. మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాళ్లలో ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని కంపెనీలన్నిటిలో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్) నెలకి ఐదొందలు, వెయ్యి వేస్తూ ఏడెనిమిదేళ్లు కదపకుండా ఉంచడం పూర్తిగా వేరే పని. అక్కడా ఎగుడుదిగుళ్లు ఉంటాయి, రాబడికి ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే ముందు మూడు నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకున్నాకే మొదలుపెట్టమంటాను.

ఇక చిన్నవి. చీటీలన్నీ మోసం కాదు. 1982 నాటి చట్టం ఉంది, 2019 సవరణ తర్వాత నిర్వాహకుడి కమిషన్ 7 శాతం మించకూడదు. రిజిస్టరైన చీటీ వేరు, పీజీ వాట్సాప్ గ్రూపులో నడిపే చీటీ వేరు. ముందే పాడుకుంటే అది అప్పే, దాని వడ్డీ కూడా రూపాయల్లో లెక్కేసుకోండి. బ్యాంకులో పెట్టినదంతా భద్రమనీ అనుకోవద్దు. ఒక బ్యాంకులో ఒక మనిషికి బీమా 5 లక్షల వరకే, అసలూ వడ్డీ కలిపి. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేయడం మాత్రం దయచేసి ఆపండి. 2024-25కి దాని మీద 8.25 శాతం ఇచ్చారు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీ డబ్బు కొత్త ఖాతాకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది.

అపోహ: జీతం పెరిగాక చూద్దాం.

పద్దెనిమిది వేలప్పుడు ఐదొందలు తీయనివాళ్లు అరవై వేలప్పుడు ఐదు వేలు తీయడం నేను చాలా అరుదుగా చూశాను. జీతంతో పాటు పీజీ మారుతుంది, ఫోన్ మారుతుంది, బండి ఈఎంఐ వస్తుంది. జీతం పడిన మర్నాడే ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా పెట్టుకోండి, మొత్తం చిన్నదైనా సరే.

వచ్చే ఆదివారం పదింటి క్లాసుకి పిల్లలు ఇంటి కరెంటు బిల్లు, అద్దె, స్కూలు ఫీజు రసీదు తేవాలి. ఈసారి అమ్మానాన్నలు కూడా రండి. ఇంట్లో అప్పుంటే అది కూడా ఒక కాగితం మీద రాసుకుని రండి, ఎన్ని రూపాయల వడ్డీయో పిల్లలే లెక్కేసి చెబుతారు.