వడ్డీ లేని బ్యాంకింగ్: అపోహలు - వాస్తవాలు

ఆర్థిక ఒప్పందాలు రాయడం, పరిశీలించడం నా వృత్తి. టోలీచౌకి, మెహదీపట్నం నుంచి గల్ఫ్ సంపాదనతో నా దగ్గరకు వచ్చేవారిలో తరచూ కనిపించే అపోహలివి.

అపోహ: ఇస్లామిక్ బ్యాంకు ఉచితంగా అప్పు ఇస్తుంది.
వాస్తవం: అది లాభం కోసమే నడుస్తుంది. ఖుర్ఆన్ రెండో సూరా 275వ వచనం వ్యాపారాన్ని అనుమతించి, వడ్డీని నిషేధించింది.

అపోహ: మురాబహా అనే కొని అమ్మే పద్ధతి ముసుగు వేసుకున్న వడ్డీయే.
వాస్తవం: ఈ అనుమానం రావడం సహజం. సరిగ్గా చేసిన మురాబహాలో బ్యాంకు ముందు సరుకు కొని, స్వాధీనం చేసుకుంటుంది. తరువాత కొన్న ధర, వేసుకున్న లాభం చెప్పి వాయిదాల మీద అమ్ముతుంది. ఈ మధ్యలో సరుకు పాడైతే నష్టం బ్యాంకుదే. వాయిదా ఆలస్యమైనా ధర పెరగదు. జరిమానా వసూలైతే దానధర్మాలకు పోవాలి. అందుకే నేను మొదట చూసేది తేదీలు. బ్యాంకు సరుకు కొన్న బిల్లు కంటే అమ్మకం పత్రం ముందుగా ఉంటే, అక్కడ జరిగింది వడ్డీ వ్యాపారమే.

అపోహ: రిజర్వు బ్యాంకు తలచుకుంటే రేపే మన దగ్గర మొదలవుతుంది.
వాస్తవం: అసలు అడ్డంకి చట్టంలో ఉంది. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 8వ సెక్షన్ బ్యాంకులు సరుకుల క్రయవిక్రయాలు చేయరాదంటుంది. సొంత అవసరానికి కాని స్థిరాస్తిని 7 ఏళ్లకు మించి ఉంచుకోరాదని 9వ సెక్షన్ చెబుతుంది. ఇక మురాబహాకు, అద్దె పద్ధతి అయిన ఇజారాకు చోటెక్కడ? పైగా ఇల్లు బ్యాంకు పేరిట, తరువాత కొనుగోలుదారు పేరిట రిజిస్టరైతే స్టాంపు డ్యూటీ రెండుసార్లు కట్టాలి. బ్రిటన్ 2003లో చట్టం మార్చి ఈ రెట్టింపు భారాన్ని తీసేసింది. మన దగ్గర 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ రహిత బ్యాంకింగ్‌ను సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చిచెప్పింది. పార్లమెంటు చట్టాన్ని సవరించాలన్నదే నా అభిప్రాయం.

అపోహ: ఇది ముస్లింలకే.
వాస్తవం: మలేసియాలో, బ్రిటన్‌లో ఇతర మతాలవారికీ ఖాతాలున్నాయి.

అపోహ: "అసలుకు హామీ, నెలనెలా ఖాయమైన హలాల్ లాభం."
వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఈ మాట నమ్మి ఈ నగరంలో ఎన్నో కుటుంబాలు కూతుళ్ల పెళ్లికి దాచిన సొమ్ము పోగొట్టుకున్నాయి. ఒకరు పెట్టుబడి పెడితే మరొకరు వ్యాపారం నడిపే ముదారబా ఒప్పందంలో లాభాన్ని పంచుకునే నిష్పత్తి మాత్రమే ముందుగా నిర్ణయిస్తారు, ఇంత సొమ్మని కాదు. నష్టం వస్తే, నిర్వాహకుడి తప్పు లేనంతవరకు, పోయేది పెట్టుబడి పెట్టినవారి అసలే. కాబట్టి ఆ హామీ ఇచ్చినవాడు షరియాను అప్పుడే దాటేశాడు. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలు నడపడం 2019 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

"మాది రిజిస్టర్డ్ కంపెనీ" అని ధ్రువపత్రం చూపిస్తే ఆగండి. కంపెనీ నమోదు వేరు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి వేరు. ఆ అనుమతి ఏ నియంత్రణ సంస్థ ఇచ్చిందో రాతపూర్వకంగా అడగండి. రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో పేరు వెతకండి, ఫిర్యాదు ఉంటే అక్కడే ఇవ్వండి. సంతకం పెట్టకముందు ఒప్పందంలో నష్టం గురించిన పేరా చదవండి. అది లేకపోతే డబ్బు కట్టకండి.