అమ్మాయిల ఫాంటసీ ప్రేమ మాంగా: అపోహలు - వాస్తవాలు

పిల్లలకు బొమ్మల కథలు గీయడం నేర్పడం నా పని. ఈమధ్య క్లాసుకు వచ్చే ఆడపిల్లల సంచుల్లో ‘యోనా ఆఫ్ ది డాన్’ లాంటి మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, కనిపిస్తున్నాయి. రాజకుమారి, డ్రాగన్లు, ప్రేమ... అట్ట మీద బొమ్మ చూసి ఇంట్లోవాళ్లు ఏవేవో అనేస్తున్నారు. ఆ పిల్లలు మొహం చిన్నబుచ్చుకుని పుస్తకం లోపల పెట్టేయడం చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: షోజో మాంగా అంటే ప్రేమకథే.

షోజో అంటే జపాన్ భాషలో అమ్మాయి. కథ ఏ రకమో ఆ మాట చెప్పదు, అది ఎవరి కోసం నడిపే పత్రికలో వస్తోందో చెబుతుంది. యోనా కథ 2009లో ‘హనా టు యుమే’ పత్రికలో మొదలైంది. 1974 నుంచి వస్తున్న అమ్మాయిల పత్రిక అది. ఇలాంటి పత్రికల్లో యుద్ధాలు, దెయ్యాలు, హాస్యం అన్నీ వచ్చాయి. మోటో హగియో అనే రచయిత్రి 1970ల్లోనే అమ్మాయిల పత్రికలో సైన్స్ ఫిక్షన్ గీశారు.

అపోహ: రాజకుమారి ఏడుస్తూ కూర్చుంటే హీరో వచ్చి కాపాడతాడు.

ఈ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. రాజకుమారి యోనా తన పదహారో పుట్టినరోజు రాత్రి, తను ప్రేమించిన సువన్ చేతిలో తన తండ్రి చనిపోవడం కళ్లారా చూస్తుంది. అంగరక్షకుడు హక్ ఆమెను కోట దాటిస్తాడు. అక్కడిదాకా హీరో కాపాడిన మాట నిజమే. కానీ ఆ తర్వాత విషం ఎక్కిన హక్ కొండ అంచున వేలాడుతుంటే, శత్రువు యోనా జుట్టు పట్టుకుని ఆపుతాడు. తెల్లవారే ఆకాశంలా ఉందని సువన్ ఒకప్పుడు మెచ్చుకున్న ఎర్ర జుట్టు అది. యోనా కత్తితో దాన్ని తెగకోసుకుని హక్ దగ్గరికి పరుగెడుతుంది. ఆయుధాలంటే గిట్టని రాజుగారి కూతురు, తర్వాత హక్‌నే అడిగి విల్లు నేర్చుకుంటుంది.

అందుకే ఇందులో ప్రేమ నిదానంగా నడుస్తుంది. సాగదీస్తున్నారని కొందరు విసుక్కుంటారు. నమ్మినవాడే తండ్రిని చంపాక ఒక అమ్మాయి మనసు నాలుగు రోజుల్లో ఇంకొకరి వైపు తిరిగితే మనం నమ్ముతామా?

అపోహ: వెనక గీసే పూలు, మెరుపులు ఖాళీ నింపడానికి.

మా క్లాసులో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి, అది రెండు రోజుల్లో అలవాటవుతుంది. కష్టమల్లా షోజో పేజీతోనే. చాలాచోట్ల బొమ్మల గళ్లకు గీతలు ఉండవు, ఒక ముఖం మూడు గళ్ల మీదుగా పరుచుకుంటుంది. మాటల బుడగ లేకుండా వదిలేసిన మాటలు చాలాసార్లు పాత్ర మనసులోవి. వాటిని పైకి అన్న మాటలుగా చదివితే కథే మారిపోతుంది. వెనక ఉన్న కోట మాయమై పూలు వచ్చాయంటే, ఆ క్షణంలో ఆమెకు చుట్టూ ఏమీ కనిపించడం లేదన్నమాట. మాటలు లేని గడిని దాటేయకండి. చేతులు చూడండి, చూపు ఎటు ఉందో చూడండి.

అపోహ: తెల్లవాళ్లలా కనిపించాలని పెద్ద కళ్లు గీస్తారు.

జునిచి నకహరా అనే చిత్రకారుడు 1930ల్లోనే జపాన్ అమ్మాయిల పత్రికలకు పెద్ద కళ్ల బొమ్మలు వేశారు. మనసులో ఉన్నది కళ్లలోనే చూపించాలంటే చోటు కావాలి మరి. బాపు గారి అమ్మాయిల కళ్లు చూస్తూ పెరిగిన మనకు ఇది వింతగా అనిపించకూడదు.

అపోహ: అమ్మాయిల పుస్తకమే కదా, ఏ వయసుకైనా ఇవ్వొచ్చు.

ఇవ్వకూడదు. యోనాలో హత్యలున్నాయి, మనుషుల్ని అమ్మే ముఠా ఉంది. దీన్ని ఇంగ్లిష్‌లో వేసే విజ్ మీడియా సంస్థ పుస్తకాల వెనక అట్ట మీద వయసు గుర్తు వేస్తుంది, దీని మీద ఉన్నది టీనేజీ గుర్తు. ఎనిమిదేళ్ల పాప అడిగితే ఇంకొన్నాళ్లు ఆగమనండి. పదమూడేళ్ల అమ్మాయి అడిగితే మొదటి రెండు సంపుటాలు తెచ్చి, ముందు మీరు చదవండి, కుడివైపు నుంచి.