ఓడ కెప్టెన్ వయసెంత?

"పసిపిల్లలకి ద్వేషం ఎలా ఎక్కుతుందండీ? ఇంజెక్షన్‌లాగానా, అంటువ్యాధిలాగానా?" టీవీలో యుద్ధం వార్తల మధ్య తుపాకీ పట్టుకున్న కుర్రాణ్ణి చూసి, రిటైరైన ఒక తెలుగు టీచరుగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. వారం రోజులు బుర్రలో తిరిగింది. చివరికి నాకు తట్టింది మాత్రం లెక్కల పుస్తకం.

ముందు ఒక లెక్క చెయ్యండి. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?

1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసేవాళ్లు ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి ఈ లెక్క ఇచ్చారు. 97 మందిలో 76 మంది, ఇచ్చిన అంకెలతోనే కుస్తీపట్టి వయసు తేల్చేశారు. కూడితే 36. కెప్టెన్‌కి అతికినట్టు సరిపోయే వయసు కూడా!

మూడో తరగతి చదివే మా అమ్మాయిని అడిగాను. రెండు సెకన్లలో "36" అంది. "గొర్రెలకీ కెప్టెన్‌కీ ఏంటే సంబంధం?" అంటే, "లెక్కలో ఇచ్చారుగా నాన్నా" అంది. నవ్వాను గానీ, నేను మాత్రం తక్కువ తిన్నానా? ఒక కుళాయి తొట్టిని 4 గంటల్లో నింపును, ఇంకొకటి 6 గంటల్లో ఖాళీ చేయును, రెండూ తెరిచిన ఎంతసేపట్లో నిండును? 12 గంటలు. "ఆ రెండోది కట్టేస్తే పోలా సార్?" అని మా క్లాసులో ఒక్కడూ అడగలేదు. అడిగినవాడు బెంచీ ఎక్కేవాడు. దత్తాంశం అంటే ఇచ్చినది, ఇచ్చినదాన్ని ప్రశ్నించకూడదు. మన చదువంతా ఈ ఒప్పందం మీదే నడుస్తుంది.

ఇప్పుడు 1930ల జర్మనీ. హిట్లర్ ఎలా గద్దెనెక్కాడో అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఆ రోజుల్లో బడిపిల్లలకి ఇచ్చిన ఒక లెక్క ఇది: పిచ్చాసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు) అవుతుంది. ఒక్కోటి 15,000 మార్కుల చొప్పున, ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు?

సున్నాలు కొట్టేసి భాగిస్తే 400. టీచరు టిక్కు పెడతాడు. జవాబు కరెక్టే మరి! ఎవర్నీ తిట్టలేదు, ద్వేషించమనీ చెప్పలేదు. విషమంతా ఆ రెండు అంకెల్ని ఒకే వాక్యంలో పెట్టడంలో ఉంది. ఆసుపత్రి ఉంది కాబట్టే ఇళ్లు లేవన్నది దత్తాంశంలో కూర్చుంది. "మతిస్థిమితం లేనివాళ్లు దేశానికి బరువు" అని నోటితో చెబితే, పిల్లవాడు "మా మావయ్య అలాంటివాడే, నాకు బొమ్మలు చేసిపెడతాడు" అని ఎదురు చెప్పొచ్చు. లెక్కలో మావయ్య దూరడానికి సందే లేదు. పైగా భాగహారం చేసింది తనే. ఒకరు చెప్పగా విన్నదానికంటే మనం సొంతంగా రాబట్టింది బాగా గుర్తుంటుందని జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు ఎప్పుడో తేల్చాయి.

మన ఇళ్లలో అన్నం తినకపోతే బూచాడొస్తాడని భయపెడతాం. నాకది నచ్చదు. కాకపోతే మన బూచాడికి అడ్రసు లేదు. జర్మనీ బడి పాఠాలు బూచాడికి ఒక ముక్కు గీసి, యూదుడని మతం చెప్పి, పక్కవీధిలో ఇల్లు చూపించాయి.

అయితే పిల్లలు ఉత్త తెల్లకాగితాలా? కాదనే చెప్పాలి. దీన్ని ప్రయోగంతో చూపించిన హెన్రీ తాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు. ఫ్రెంచి సైన్యంలో ఉండగా 1940లో జర్మన్లకి చిక్కాడు. యూదుణ్ణేనని ఒప్పుకున్నాడు గానీ ఫ్రెంచివాణ్ణన్నాడు. పోలండ్ యూదుడని తెలిసి ఉంటే బతికేవాడు కాదు. తిరిగొచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. యుద్ధంలో అనాథలైన పిల్లల మధ్య కొన్నేళ్లు పనిచేసి, తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యాడు.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆయన 14, 15 ఏళ్ల కుర్రాళ్లకి క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నచ్చినదాన్నిబట్టి రెండు జట్లు చేశామని చెప్పాడు. నిజానికి ఏ నియమమూ లేకుండా ఎటు పడితే అటు వేశారు. జట్టులో ఇంకెవరున్నారో కూడా తెలియదు. తరవాత ఒక పట్టిక ఇచ్చి, మీ జట్టువాడొకడికీ అవతలివాడొకడికీ పాయింట్లు పంచమన్నాడు. ఒక చివర మనవాడికి 7, అవతలివాడికి 1. అక్కణ్ణుంచి మనవాడికి ఒక్కొక్కటి, వాడికి రెండేసి పెరుగుతాయి: 8-3, 9-5, 10-7... నడుమ 13-13, ఇంకో చివర 19-25. పాయింట్లకి డబ్బులిస్తారు. మనవాడు బాగుపడాలంటే 19 దగ్గర గీత పెట్టాలి. కుర్రాళ్ల మొగ్గు మాత్రం రెండో వైపు, 12-11 దాకా పోయింది. మనవాడికి ఏడు పాయింట్లు పోయినా సరే, వాడికంటే ఒక్కటి ఎక్కువ రావాలి! పొరుగువాడి రెండు కళ్లూ పోతాయంటే తన కన్ను ఒకటి పోయినా ఫర్వాలేదన్నవాడి కథ మనకి ఉండనే ఉంది.

మనవాళ్లు, అవతలివాళ్లు అనే ఈ గీత తెలుగులో సర్వనామంలోనే ఉంది. "మనం" అంటే వింటున్న నువ్వూ ఉన్నావు. "మేము" అంటే నువ్వు లేవు. జర్మన్‌లో రెంటికీ ఒకటే మాట. బడిలో చేరకముందే మన పిల్లలు ఈ తేడా తప్పకుండా వాడేస్తారు. వాళ్లు గీత గీస్తారు, అంతే. గీత అవతల ఎవరు, వాళ్లనేం చెయ్యాలి అన్నది పెద్దవాళ్లు నింపుతారు. బ్రిస్టల్‌లో నింపినవి పెన్నీలు. జర్మనీలో ఆ పని రాజ్యమే చేపట్టింది. 1936 డిసెంబరు 1న పిల్లలందరూ హిట్లర్ యువదళం కిందికి వస్తారని చట్టం చేసింది, 1939 మార్చిలో పదేళ్లు నిండితే చేరడం తప్పనిసరి చేసింది.

1943లో ఆ దళం కుర్రాళ్లతో ఒక ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) ట్యాంకుల డివిజన్ కట్టారు. ఎక్కువమంది 1926లో పుట్టినవాళ్లు. 18 నిండనివాళ్లకి సిగరెట్ల బదులు చాక్లెట్లు, మిఠాయిలు ఇచ్చేవారు. పొగ తాగడానికి చిన్నవాళ్లు కదా. 1944 జూన్‌లో ఫ్రాన్సులోని నార్మండీలో ఆ డివిజనే, లొంగిపోయిన కెనడా సైనికుల్ని పదుల సంఖ్యలో కాల్చి చంపింది. అక్కడి ఆర్డెన్ మఠం దగ్గరే దాదాపు 20 మందిని చంపారు.

యుద్ధం ముగిశాక అంతా కడుక్కుపోయిందా? ఫోయిగ్ట్‌లెండర్, ఫోత్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1996, 2006 సర్వేల జవాబులు తిరగేసి 2015లో ఒక పత్రం రాశారు. యూదుల మీద ద్వేషం, 1930లలో పుట్టి నాజీ బడుల్లో చదివినవాళ్లలో, వాళ్లకి ముందు పుట్టినవాళ్లకంటే, తర్వాత పుట్టినవాళ్లకంటే ఎక్కువగా తేలింది. పైగా నాజీలకి ముందే, 1890ల నుంచే యూదు వ్యతిరేక పార్టీలకి ఎక్కువ ఓట్లేసిన ప్రాంతాల్లో ఆ పాఠం మరీ గట్టిగా పట్టింది. ఇంట్లోనూ బడిలోనూ ఒకే మాట వింటే అంతే మరి.

ఆ 400 ఇళ్ల లెక్కని పెద్దవాళ్లు కూడా చేశారు. 1945లో ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కోటలో అమెరికన్ దర్యాప్తువాళ్లకి ఒక చిన్న పుస్తకం దొరికింది. ఆసుపత్రుల నుంచి తెచ్చి 1941 ఆగస్టు ముగిసేలోపు గ్యాసుతో చంపిన మానసిక రోగుల, వికలాంగుల పద్దు అది. మొత్తం 70,273 మంది. వాళ్లు ఇంకో పదేళ్లు బతికి ఉంటే తినే బంగాళాదుంపలెన్ని, రొట్టె ఎంత, జామ్ ఎంత అని వరసగా గుణించుకుంటూ పోయారు. తిండి కింద మిగిలింది 14,17,75,573 మార్కుల 80 ఫెనిగ్‌లు (ఫెనిగ్ అంటే మార్కులో వందో వంతు). ఆ 80 ఫెనిగ్‌లు కూడా వదల్లేదు.